వలస పక్షులను గమనించడం – 5వ పాఠం: చెరువు గట్టు నుంచి లోయ అంచుకు

ఇప్పటిదాకా పాఠాలన్నీ హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్, గండిపేట చెరువుల గట్ల మీదే నడిచాయి. అక్కడ పక్షి నీళ్లలో కుదురుగా ఉంటుంది, తీరిగ్గా పోల్చుకోవచ్చు. ఈసారి ఎగిరిపోతున్న పక్షిని గుర్తుపట్టడం నేర్చుకుందాం. దానికి నల్లమలలోని కృష్ణా లోయను మించిన చోటు మనకు దగ్గర్లో లేదు. శ్రీశైలం వెళ్తూ లోయ దగ్గర ఆగి ఫోటోలు దిగేవాళ్లు చాలామందే. తలెత్తి ఆకాశం చూసేవాళ్లే అరుదు. అందుకే ఈ పాఠం మీద నాకు ఇంత పట్టుదల.

లోయే ఎందుకు? వీచే గాలి రాతిగోడకు తగిలి పైకి లేస్తుంది. ఎండెక్కాక బండలు కాగి, వేడిగాలి దానికి తోడవుతుంది. పెద్ద రెక్కల గద్దలకు అది లిఫ్ట్ లాంటిది. రెక్క కొట్టకుండానే ఎత్తుకు చేరి, అక్కడి నుంచి జారుతూ దూరం సాగిపోతాయి. కాబట్టి తెల్లారకముందే వాలిపోనక్కర్లేదు, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య చూడండి. అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవి, మార్చి, ఏప్రిల్‌లో తిరిగి వెళ్లేవి కనిపిస్తాయి.

మన్ననూరు దాటాక దోమలపెంట వైపు దారిలో ఆక్టోపస్ వ్యూ పాయింట్ ఉంది. ఇది పులుల అభయారణ్యం, అనుమతి ఉన్న చోటే దిగండి. ఎండ వీపుకు తగిలేలా కూర్చోండి. లోయ అంచున ఉంటే పక్షి కళ్ల ఎత్తులోనో, ఇంకా కిందో వెళ్తుంది. చెరువు దగ్గర దొరకని వీపు రంగు ఇక్కడ దొరుకుతుంది.

గద్ద కనపడగానే పుస్తకం తీయకండి. ముందు అది ఎగిరే తీరు చూడండి. అక్కడక్కడే తిరుగుతుంటే బహుశా స్థానికం. నల్లమలలో ఏడాది పొడవునా ఉండే పాములగద్ద ఈల వేస్తూ అలాగే చక్కర్లు కొడుతుంది. చక్కర్లతో ఎత్తుకెక్కి, ఒకే దిక్కుకు సాగి, మళ్లీ రాకపోతే వలసలో ఉందేమో అనుకోవచ్చు.

తర్వాత రెక్కలు. కాస్త పైకెత్తి, లోతు తక్కువ 'వి' ఆకారంలో పట్టుకుని జారితే పిల్లిగద్ద (హారియర్). గాల్లో ఒకేచోట నిలబడి రెక్కలాడిస్తే చాలావరకు కెస్ట్రెల్ అనే చిన్న డేగ. ఎదురుగా వస్తున్నప్పుడు మెడకు రెండు పక్కలా చిన్న తెల్లచుక్కలు మెరిస్తే బూటెడ్ ఈగిల్ అనే గద్ద. ఆ చుక్కలు ఒక్కసారి కనపడ్డాయంటే ఇక మర్చిపోరు.

శ్రీశైలం నుంచి నాగార్జునసాగర్ వైపు కృష్ణ స్థూలంగా ఈశాన్యానికి పారుతుంది. దక్షిణానికి వెళ్లే పక్షి నది వెంబడి సాగిందా, లోయ దాటి పోయిందా? నాకైతే పేరుకన్నా ఇదే ముఖ్యం. నోట్‌బుక్‌లో ఇలా రాయండి:

"ఉ. 9.40. పిల్లిగద్ద, ఒకటి. నది దాటి దక్షిణానికి. తిరిగి రాలేదు."

పేరు తెలియకపోతే "గద్ద" అని రాసినా చాలు, దిక్కు, సమయం మాత్రం వదలొద్దు. ఈలోగా మేడ మీద నుంచి మన ఊరి గద్దల మీదే సాధన చేయండి. వచ్చే పాఠంలో మీ నోట్‌బుక్ తెచ్చుకోండి, దిక్సూచితో దిక్కు కొలవడం చూద్దాం.