బ్రేక్ ఆయిల్ మార్చారు సరే, క్లచ్‌ది?

నాది 2011 సుజుకి హయబూసా బైకు, సెకండ్ హ్యాండ్. పోయిన నవంబర్లో నెల్లూరు నుంచి వస్తా మద్రాసు మాధవరం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా. క్లచ్ పూర్తిగా పట్టుకున్నా బండి ముందుకు పాకుతానే ఉంది. న్యూట్రల్ పడదు. సిగ్నల్ సిగ్నల్‌కీ ఇంజన్ ఆపుకుంటా వేలచ్చేరి చేరేసరికి ఎడమచెయ్యి పీకేసింది. ఇంటికొచ్చి ఎడమ హ్యాండిల్ మీది క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీస్తే లోపల ఫిల్టర్ కాఫీ డికాక్షన్. అడుగున జిగట. బ్రేకులకు ఎనిమిది నెలల కిందటే కొత్త ఆయిల్ పోసుకున్నా గానీ, కొన్న నాలుగేళ్ళలో క్లచ్ మూత ఒక్కసారి కూడా తియ్యలేదు. తప్పు నాదే.

మనందరం కేబుల్ క్లచ్ మీద నేర్చుకున్నవాళ్ళం. వైరు సాగితే బిగిస్తాం, తెగితే మారుస్తాం. హైడ్రాలిక్ క్లచ్‌లో వైరు ఉండదు. లివర్ నొక్కితే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ని తోస్తుంది, ఇంజన్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ పుష్‌రాడ్‌ని, అంటే క్లచ్ ప్లేట్లని విడదీసే కడ్డీని, తోస్తుంది. ప్లేట్లు అరిగే కొద్దీ అదే సర్దుకుంటుంది కాబట్టి మన చెయ్యి పడదు. మరిచిపోయేది అందుకే. పైగా స్లేవ్ సిలిండర్ ఇంజన్ వేడిలోనే ఉంటుంది, అందుకని ఈ ఆయిల్ తొందరగా నల్లబడుతుంది.

ఆయిల్ అంటున్నాం గానీ డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 (సీసా మీద రాసుండే గ్రేడులు) నూనెలు కావు, గ్లైకాల్ రకం. గాలిలో తేమని పీలుస్తాయి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీళ్ళు చేరాయంటే 155 చాలు. ఏలగిరి కొండ 14 మలుపులూ బ్రేకు మీదే దిగితే క్యాలిపర్ (చక్రం డిస్కుని పట్టే బ్రేకు భాగం) దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది, లివర్ మెత్తగా లోపలికి వెళ్ళిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చాలి. మద్రాసు తేమకు నేనైతే ఏడాదిన్నరకే మారుస్తా.

ముందు మూత మీద ఏం రాసుందో చదవండి. కొన్ని బళ్ళ క్లచ్‌లో మినరల్ ఆయిల్ ఉంటుంది, అందులో డాట్ 4 పోస్తే సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. డాట్ 5 సిలికాన్ రకం, పేరు దగ్గరగా ఉందని డాట్ 4లో కలపొద్దు. పుదుప్పేట స్పేర్ పార్టుల బజారులో సీలు తియ్యని చిన్న సీసా తెచ్చుకోండి. పోయినేడు సగం వాడి దాచిన సీసా పనికిరాదు. వానరోజు ఈ పని పెట్టుకోవద్దు.

ఇంకా కావలసినవి: 8 ఎంఎం రింగ్ స్పానర్, అక్వేరియం ట్యూబు, ఖాళీ సీసా, మెడికల్ షాపు సిరంజి, కంటికి అద్దాలు. ట్యాంకు మీద తడి తువ్వాలు పరవండి. చుక్క పడినా పెయింటు లేచిపోతుంది, పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్ళు పొయ్యండి.

డబ్బా సమంగా ఉండేలా హ్యాండిల్ తిప్పి, మూత చుట్టూ దుమ్ము తుడవండి. స్క్రూలు మెత్తని లోహం, సరైన బిట్ పెట్టి గట్టిగా అదిమి తిప్పకపోతే తల అరిగిపోతుంది. పాత ఆయిల్ సిరంజితో లాగి, జిగట గుడ్డతో తీసి, కొత్తది పొయ్యండి. స్లేవ్ మీద పాత ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ ఉంటుంది, అదే నిప్పుల్. దానికి ముందు స్పానర్, దాని మీద ట్యూబు. ట్యూబు రెండో కొస సీసాలో కాస్త ఆయిల్‌లో మునిగి ఉండాలి.

ఇక్కణ్ణించి ఇద్దరు కావాలి. లివర్ దగ్గర మా మేనల్లుడు, కింద నేను.

"నాలుగుసార్లు నొక్కి పట్టుకో."

"పట్టుకున్నా మామా."

నిప్పుల్ పావు చుట్టు వదులు చేశా. ట్యూబులోకి నల్లగా దిగింది, లివర్ గ్రిప్‌కి ఆనింది.

"వదిలేదా?"

"ఆగరా! నేను బిగించినాక!"

వాడు అప్పటికే వదిలేశాడు. ట్యూబులో ఉన్నదంతా గుటుక్కున వెనక్కి లాగేసింది. మళ్ళీ మొదటికి. నొక్కు, తెరువు, మూయి, ఆ తర్వాతే వదులు. వరస ఇదే. ట్యూబులో కొత్త నువ్వుల నూనె రంగు వచ్చి, బుడగలు ఆగేదాకా చెయ్యాలి. ఈలోగా డబ్బా ఖాళీ కానివ్వద్దు. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉన్న బండికి బ్రేకు డబ్బా ఖాళీ అయిందంటే గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి పోయి వర్క్‌షాపు యంత్రంతో గానీ రాకపోవచ్చు. నిప్పుల్ లోపల బోలు, బలమంతా పెట్టి బిగిస్తే విరుగుతుంది.

బ్రేకులకూ ఇదే పద్ధతి, ముందు చక్రానికి క్యాలిపర్లు రెండుంటే ఒకదాని తర్వాత ఒకటి. అంతా అయినా లివర్ మెత్తగా ఉంటే గాలి పైన, లివర్ దగ్గర ఆయిల్ గొట్టం బిగించే బాంజో బోల్టులో దాక్కుని ఉంటుంది. రాత్రికి లివర్‌ని రబ్బరు బ్యాండుతో గ్రిప్‌కి కట్టేసి పడుకోండి. నాకు పొద్దుటికి చాలాసార్లు గట్టిపడింది. బండి కదిలించే ముందు బ్రేకు లివర్ గట్టిగా ఉందని చూసుకుని, మీ వీధిలోనే నెమ్మదిగా నడిపి చూడండి.

లెవెల్ సంగతి చాలామందికి తలకిందులుగా తెలుసు. ప్యాడ్లు అరిగితే బ్రేకు డబ్బాలో ఆయిల్ తగ్గుతుంది. అలా తగ్గిందని నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లు వెనక్కి నొక్కగానే పొంగి ట్యాంకు మీద పడుతుంది. ముందు ప్యాడ్లు చూడండి. క్లచ్‌కి ఉల్టా: ప్లేట్లు అరిగితే లెవెల్ పెరుగుతుంది, అందుకని అంచు దాకా పొయ్యొద్దు. క్లచ్ డబ్బాలో తగ్గుతా ఉందంటే అది కారడమే. స్ప్రాకెట్ (చెయిన్ తిప్పే పళ్ళ చక్రం) కవరు విప్పి, స్లేవ్ చుట్టూ ఉన్న చెయిన్ మడ్డిని వేలితో తీసి చూడండి. తడిగా ఉంటే సీలు పోయింది, ఎన్నిసార్లు ఆయిల్ మార్చి గాలి తీసినా దండగ.