బ్యాకప్ ఎక్కించినా వీపీఎన్ పైకి రావడం లేదా?

సమస్య: సిస్కో ఏఎస్ఏ ఫైర్‌వాల్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఏది రావాలో, ఏది పోవాలో రూల్స్‌తో ఆపే బాక్స్) పాడైతే కొత్త బాక్స్ పెట్టి, దాచుకున్న కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైల్ ఎక్కించారు. ఇంటర్నెట్ వచ్చింది, రూల్స్ అన్నీ ఉన్నాయి. బ్రాంచ్ ఆఫీసుల వీపీఎన్ టన్నెల్స్ (ఇంటర్నెట్ మీదుగా వాటిని కలిపే ఎన్‌క్రిప్టెడ్ దారులు) మాత్రం ఒక్కటీ రావడం లేదు.

కారణం: ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి టన్నెల్-గ్రూప్ లైన్ల (టన్నెల్ సెట్టింగ్‌లు ఉండే చోటు) దగ్గర చూడండి. ప్రీ-షేర్డ్ కీ (టన్నెల్ రెండు వైపులా ఒకటే ఉండాల్సిన రహస్య పాస్‌వర్డ్) ఉండాల్సిన చోట వరసగా * అని ఉంటుంది. 'షో రన్నింగ్-కాన్ఫిగ్' కొట్టి తెర మీద వచ్చింది కాపీ చేసుకుంటే జరిగేది ఇదే. ఏఎస్ఏ అసలు కీని అక్కడ చూపించదు. కొత్త బాక్స్ ఆ చుక్కలనే కీ అనుకుంటుంది.

ఒకసారి నాకూ ఇలాగే అయింది. పాత కీ ఎక్కడా రాసి లేదు. రాత్రి పదకొండుకి ఒక్కో బ్రాంచ్‌కీ ఫోన్ చేసి, రెండు వైపులా కొత్త కీ పెట్టుకుంటూ తెల్లారింది. కీ లేనప్పుడు వేరే దారి లేదు.

పరిష్కారం: బ్యాకప్‌కి 'మోర్ సిస్టమ్:రన్నింగ్-కాన్ఫిగ్' వాడండి, అసలు కీలు కనిపిస్తాయి. మాస్టర్ పాస్‌ఫ్రేజ్ (బాక్స్‌లోని కీలని ఎన్‌క్రిప్ట్ చేసే పాస్‌వర్డ్) పెట్టి ఉంటే కీలు ఎన్‌క్రిప్ట్ అయి వస్తాయి. కొత్త బాక్స్‌లోనూ అదే పాస్‌ఫ్రేజ్ కావాలి. సర్టిఫికెట్ల ప్రైవేట్ కీలు ఇందులో రావు, వాటిని పీకేసీఎస్12గా (సర్టిఫికెట్, దాని కీ కలిపి పాస్‌వర్డ్‌తో దాచే ఫైల్) విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి.

ఇప్పుడు అసలు కీలున్న ఆ బ్యాకప్ ఫైల్ చేతికి దొరికినవాడికి మీ టన్నెల్స్ తాళాలన్నీ దొరికినట్టే. టీఎఫ్‌టీపీలో (ఎన్‌క్రిప్షన్ లేకుండా ఫైళ్లు పంపే పద్ధతి) పంపకండి, దారిలో ఎవరైనా చదవగలరు, ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఎస్‌సీపీ వాడండి. జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో ఫైల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి, పాస్‌వర్డ్ వేరే చోట ఉంచండి. సపోర్ట్ వాళ్లు కాన్ఫిగ్ అడిగితే మాత్రం చుక్కలున్న కాపీయే పంపండి. కీలున్న ఫైల్ పొరపాటున గిట్‌లోకి (ఫైళ్ల పాత వెర్షన్లన్నీ దాచే సాధనం) వెళ్తే డిలీట్ చేసినా హిస్టరీలో ఉంటుంది, ముందు కీలు మార్చండి.

సమస్య: రీబూట్ తర్వాత నిన్నటి రూల్ మాయం.
కారణం, పరిష్కారం: రన్నింగ్ కాన్ఫిగ్ (ఇప్పుడు నడుస్తున్న సెట్టింగ్‌లు) సేవ్ కాలేదు. మార్పు సరిగ్గా పనిచేస్తోందని చూసుకున్నాక 'రైట్ మెమరీ' కొట్టండి.

సమస్య: ఒక రూల్ ఎందుకుందో ఎవరికీ తెలియదు, తీయాలంటే టెన్షన్.
కారణం: పెట్టినవారు రాయలేదు. ఎక్కడో ఎక్సెల్‌లో రాసినా అది రూల్‌తో పాటు రాదు.
పరిష్కారం: ఏఎస్ఏలోనే రూల్ పైన 'రిమార్క్' (వివరణ) లైన్ పెట్టండి: "పేరోల్ సర్వర్ నుంచి బ్యాంకుకి, అడిగింది అకౌంట్స్, టికెట్ 412, మార్చిలో మళ్లీ చూడాలి". పాత రూల్‌కి 'షో యాక్సెస్-లిస్ట్'లో హిట్ కౌంట్ (ఆ రూల్ ఎన్నిసార్లు వాడుకలోకి వచ్చిందో లెక్క) చూడండి. సున్నా ఉన్నా వెంటనే తీసేయకండి, బాక్స్ రీబూట్ అయితే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రూల్ చివర 'ఇనాక్టివ్' అని పెట్టి (రూల్ ఉంటుంది, పనిచేయదు), ఒక నెలాఖరు జీతాలు పడేదాకా ఆగండి. అప్పటికీ ఎవరూ ఫోన్ చేయకపోతే తీసేయవచ్చు.