వయొలిన్ బిరడా జారుతోందా? సబ్బు, సుద్దముక్క చాలు

వానాకాలంలో బిగుసుకుపోయి, ఎండాకాలంలో జారిపోయే బిరడాలతో (తీగలు చుట్టి బిగించే కర్ర మేకులతో) సాధన సమయం సగం శ్రుతి చేయడానికే పోతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన మా విజయనగరంలో ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రం పూట సాధన చేసేవారు చాలామంది. వారికి ఆ కాస్త సమయం ఎంత విలువైనదో!

ఒక తీగ వదులు చేసి బిరడా బయటికి తీయండి. పొడి నూలుగుడ్డతో తుడవండి. బిరడాలు దూర్చే పెట్టె గోడలకు రాసుకునే చోట కర్ర మీద నున్నగా మెరిసే రెండు పట్టీలు కనిపిస్తాయి. వాటికి మాత్రమే పొడి సబ్బుబిళ్ల ఒక చుట్టు, తెల్ల సుద్దముక్క రెండు చుట్లు రుద్దండి. తిరిగి పెట్టి నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పండి. ఇంకా జారితే సుద్ద, బిగుసుకుంటే సబ్బు మరికాస్త. తీగ చుట్టేటప్పుడు బిరడాను లోపలికి నొక్కుతూ తిప్పాలి. నూనె మాత్రం వద్దు.

నాలుగు తీగలూ ఒకేసారి విప్పకండి, తీగలను ఎత్తిపట్టే చెక్క బ్రిడ్జి పడిపోతుంది, వయొలిన్ లోపల నిలబెట్టిన పుల్ల కూడా జారవచ్చు. బిరడా దూరే రంధ్రం అరిగి వెడల్పయినా, బిరడా పగిలినా ఈ పద్ధతి పనిచేయదు. వాయిద్యాలు బాగుచేసేవారికే ఇవ్వాలి.