ప్యానెలా, టెర్మినలా? పచ్చళ్ల సైట్ పడిపోయిన రోజు

మెజెస్టిక్‌లో అనంతపురం బస్సెక్కాను. బాగేపల్లి దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. మారతహళ్లిలో పచ్చళ్ల వ్యాపారం చేసే మా ప్రొద్దుటూరు అక్క.

"తమ్ముడూ, సైట్ ఓపెన్ కావట్లేదు. ఆవకాయ ఆర్డర్లన్నీ ఆగిపోయినాయి."

ఆమె సైట్ నడిచే కంప్యూటర్‌ను, అంటే సర్వర్‌ను, చూసుకునేది నేనే. ఫోన్ బ్రౌజర్‌లో కంట్రోల్ ప్యానెల్, అంటే సర్వర్ పనులు బటన్లు నొక్కి చేసుకునే వెబ్ పేజీ, తెరిచాను. అసలే సిగ్నల్ అంతంతమాత్రం, పేజీ రావడానికే రెండు నిమిషాలు పట్టింది. పాస్‌వర్డ్ కొడితే మళ్లీ అదే లాగిన్ పేజీ. నాలుగుసార్లు కొట్టినా అంతే. పాస్‌వర్డ్ తప్పు అని కూడా చెప్పదు.

ఫోన్‌లో టెర్మక్స్ ఉంది, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ యాప్. అందులో నా ఎస్‌ఎస్‌హెచ్ కీ ఉంది, అంటే దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే తాళంచెవి. ఎస్‌ఎస్‌హెచ్‌లో అటూ ఇటూ వెళ్లేది నాలుగు అక్షరాలే కాబట్టి ఆ సిగ్నల్‌లోనూ కనెక్ట్ అయింది. ముందు టీమక్స్ తెరిచాను. మధ్యలో లైన్ తెగినా సర్వర్‌లో పని ఆగదు, మళ్లీ ఎక్కి అక్కడి నుంచే కొనసాగించొచ్చు. తర్వాత డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ హైఫన్ హెచ్ కొట్టాను. డిస్క్ 100 శాతం. లాగిన్ ఎందుకు కాలేదో అప్పుడర్థమైంది. మనం లాగిన్ అయినట్టు గుర్తు పెట్టుకోవడానికి ప్యానెల్ ఒక చిన్న సెషన్ ఫైల్ రాసుకోవాలి. రాయడానికి చోటేదీ?

డీయూ కమాండ్‌తో ఒక్కో ఫోల్డర్ సైజు చూసుకుంటూ పోతే, సైట్ ప్రోగ్రామ్ తన పనుల చిట్టా రాసుకునే లాగ్ ఫైల్ ఒకటే 19 జీబీ ఉంది. ఇక్కడ కొత్తవాళ్లు ఫైల్‌ను తీసేసే ఆర్ఎమ్ కొట్టేస్తారు. నేనూ ఒకప్పుడు కొట్టాను. ఫైల్ పోయింది, డిస్క్ మాత్రం ఖాళీ కాలేదు. నడుస్తున్న ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను ఇంకా తెరిచి పట్టుకునే ఉంటే, పేరు పోతుంది కానీ చోటు తిరిగి రాదు. ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేయాలి. లేదా ఫైల్‌ను తీసేయకుండా ట్రంకేట్ హైఫన్ ఎస్ సున్నా అని కొట్టి లోపలిది మాత్రం ఖాళీ చేయాలి. ఈసారి ట్రంకేట్ కొట్టాను. సైట్ లేచింది. ప్యానెల్ కూడా బుద్ధిగా లోపలికి రానిచ్చింది.

ఇదంతా విని "అయితే ప్యానెల్ దండగ" అనుకోకండి. అక్క సర్వర్‌లో ప్యానెల్ పెట్టింది నేనే, ఇప్పటికీ తీయలేదు. మెయిల్ సంగతే తీసుకోండి. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లు చేత్తో పెట్టి, మెయిల్ మన దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిచూసుకుని, మన మెయిల్ స్పామ్‌లో పడకుండా చేసేసరికి వారాంతం కరిగిపోతుంది. ఒక్క దుకాణానికి అంత అవసరం లేదు. పైగా కొత్తగా చేరిన కుర్రాడికి మెయిల్ ఐడీ కావాలంటే అక్క ఎవరికీ ఫోన్ చేయకుండా తనే ఇచ్చుకోవాలి. ఆమెకు టెర్మినల్ చూపిస్తే దండం పెట్టి వెళ్లిపోతుంది.

పని చేసేది సర్వర్ తెలియనివాళ్లైతే, లేదా నేనే ఆర్నెల్లకోసారి చేసే పనైతే ప్యానెల్. నాలుగు సర్వర్లలో ఒకేలా చేయాల్సింది, లాగుల్లో వెతకాల్సింది, రేపు మళ్లీ చేయాల్సి వచ్చేది అయితే టెర్మినల్. కొట్టిన కమాండ్లను ఒక ఫైల్‌లో దాచుకుంటే అదే స్క్రిప్ట్ అవుతుంది. ప్యానెల్‌లో ఎక్కడెక్కడ నొక్కానో నెల తర్వాత నాకే గుర్తుండదు.

అసలు తంటా రెంటినీ ఒకే ఫైల్ మీద వాడినప్పుడు వస్తుంది. అది రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. ఒకసారి ఓ క్లయింట్ సర్వర్‌లో అప్‌లోడ్ సైజ్ పెంచడానికి వెబ్‌సర్వర్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్‌ను చేత్తో మార్చాను. మూడు వారాలు బాగానే నడిచింది. ఓ రాత్రి ప్యానెల్ అప్‌డేట్ అయి ఆ ఫైల్ మొత్తాన్ని తన మూసలో మళ్లీ రాసుకుంది. నా మార్పు గల్లంతు. చేత్తో మార్చొద్దని ఆ ఫైల్ పైనే రాసి ఉంది, నేనే చదవలేదు.

అందుకే కొత్త ప్యానెల్ ఏదైనా ముందు ఇలా పరీక్షిస్తాను. కాన్ఫిగ్ ఫైల్‌లో హాష్ గుర్తుతో, సర్వర్ పట్టించుకోని ఉత్త కామెంట్ లైన్ ఒకటి రాస్తాను. తర్వాత ప్యానెల్‌లోకి వెళ్లి అదే సైట్‌కు సంబంధించి ఏదో ఒక సెట్టింగ్ మార్చి సేవ్ చేస్తాను. నా లైన్ మాయమైందంటే ఆ ఫైల్ ప్యానెల్ సొత్తు, నేను ముట్టుకోను. సొంత మార్పులకు ప్యానెల్ విడిగా ఇంక్లూడ్ ఫైల్ ఇస్తే అందులోనే రాస్తాను. కాక్‌పిట్ అనే ప్యానెల్‌తో ఈ బెడద తక్కువ. అది ప్రోగ్రామ్‌లను నడిపే సిస్టమ్‌డీ లాంటి సిస్టమ్ సొంత పనిముట్లతోనే మాట్లాడుతుంది, తనకంటూ వేరే లెక్క పెట్టుకోదు. ఎవరూ తెరవనప్పుడు దాదాపు నడవదు కూడా, కాబట్టి 1 జీబీ మెమరీ సర్వర్‌కీ బరువు కాదు. అందులోనే బ్రౌజర్ టెర్మినల్ కూడా ఉంది.

ప్యానెల్ పోర్టును, అంటే అది బయటి కనెక్షన్లు అందుకునే నంబర్ తలుపును, మాత్రం ఊరందరికీ తెరిచి పెట్టకండి. వెబ్‌మిన్ అనే ఇంకో ప్యానెల్ మామూలుగా 10000 పోర్టులో, కాక్‌పిట్ 9090లో వింటాయి. 2019లో వెబ్‌మిన్‌లో ఎవరో దొంగచాటుగా చొప్పించిన కోడ్ బయటపడింది. 1.890 వర్షన్ పెట్టుకున్నవాళ్ల సర్వర్లలోకి పాస్‌వర్డ్ లేకుండానే చొరబడే వీలుండేది. నేనొక్కడినే వాడే ప్యానెల్ అయితే దాని పోర్టును ఫైర్‌వాల్‌లో మూసేసి, ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ లోపలి దారిలోంచి, అంటే టన్నెల్‌లోంచి, తెరుస్తాను. అక్కకు టన్నెల్ నేర్పలేను కాబట్టి ఆమెది తెరిచే ఉంటుంది, కానీ పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు అడిగే టూ ఫ్యాక్టర్ పెట్టి మెయిల్ వరకే హక్కులిచ్చాను.

యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్ చేసే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌ను అనుమతించడం మరిచిపోతే మన ఇంటికి మనమే బయటి నుంచి తాళం వేసుకున్నట్టే. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులు మార్చాక పాత టెర్మినల్ విండో మూయకుండా రెండో విండోలో లాగిన్ అయి చూడండి.

ఆ రోజు ఇంటికి చేరి, భోంచేశాక, లాగులను ముక్కలు చేసి పాతవి తీసేసే లాగ్‌రొటేట్ కోసం ఫైల్ ఒకటి రాశాను. రోజుకో ముక్క, ఏడు ముక్కలే ఉంచు, పాతవి కంప్రెస్ చెయ్యి. ప్రోగ్రామ్ ఫైల్‌ను పట్టుకునే ఉంటుంది కాబట్టి, కాపీ తీసుకుని అసలు ఫైల్‌ను ఖాళీ చేసే కాపీట్రంకేట్ కూడా చేర్చాను. రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ సర్వర్ పెట్టిన రోజే రాయాల్సింది.