ఎలుక మెదడులో మిథైలేషన్ ఎలా కొలవాలి

బెంగళూరు ల్యాబుల్లో కొత్తగా ఈ పని, అంటే డీఎన్ఏకి అతుక్కున్న మిథైల్ అనే చిన్న రసాయన గుర్తుల్ని కొలవడం, మొదలుపెట్టిన మన తెలుగు పిల్లల కోసం రాస్తున్నా. కార్టెక్స్ (మెదడు పై పొర) ముక్కను మొత్తంగా రుబ్బేస్తే న్యూరాన్లతో పాటు వాటికి తోడుండే గ్లియా కణాలు కూడా కలిసిపోయి ఏ మార్పు దేనిదో తెలియదు, కాబట్టి ముందు న్యూఎన్ (న్యూరాన్ల కేంద్రకాల్లో ఉండే ప్రోటీన్) యాంటీబాడీతో న్యూరాన్ల కేంద్రకాలను వేరు చేయండి. తర్వాత ఆ డీఎన్ఏకి బైసల్ఫైట్ అనే రసాయనం పట్టించండి. మిథైల్ లేని సైటోసిన్ (డీఎన్ఏ అక్షరాల్లో సీ) యురాసిల్ అనే వేరే అక్షరంగా మారుతుంది, ఉన్నది అలాగే ఉంటుంది. మార్పిడి పూర్తయిందో లేదో చూడటానికి మిథైల్ లేని లాంబ్డా (ఒక వైరస్) డీఎన్ఏను ముందే కలపాలి, దానిలో సైటోసిన్లన్నీ మారిపోవాలి. సీజీ (సీ పక్కనే జీ ఉండే చోటు) కాని చోట్ల మిగిలిన సైటోసిన్లు చూసి ప్రయోగం పాడైందని టెన్షన్ పడొద్దు, ఎందుకంటే పుట్టాక తొలి వారాల్లో న్యూరాన్లలో డీఎన్ఎంటీ3ఏ అనే ఎంజైమ్ అక్కడ నిజంగానే మిథైల్ చేరుస్తుంది, నాకైతే ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా అబ్బురం ఇదే. అందుకే 1, 2, 4 వారాల వయసుల్లో శాంపిళ్లు తీయండి. హైడ్రాక్సీమిథైల్ (మిథైల్‌కి ఆక్సిజన్ చేరిన రూపం) కూడా విడిగా కావాలంటే ఆక్సిడేటివ్ బైసల్ఫైట్ లాంటి పద్ధతి కూడా చేయాల్సిందే, మామూలు బైసల్ఫైట్ మిథైల్‌నీ హైడ్రాక్సీమిథైల్‌నీ ఒకేలా చూపిస్తుంది.