కారులో 87 కొట్టించాలా, 93 కొట్టించాలా?

అమెరికా వచ్చి మొదటి కారు కొన్నవాళ్ళు గ్యాస్ స్టేషన్‌లో 87, 89, 93 అని మూడు బటన్లు చూసి, ఖరీదైనది పోస్తే ఇంజిన్ బాగుంటుందనుకుని ప్రతిసారీ ప్రీమియం కొట్టిస్తుంటారు, దయచేసి ఆ డబ్బు మిగుల్చుకోండి. ఆ అంకె నాణ్యతకు మార్కు కాదు. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు పెట్రోలు తనంతట తాను ముందే అంటుకోకుండా ఎంతవరకు ఆగుతుందో చెప్పే ఆక్టేన్ సంఖ్య, అంతే. (ఇండియాలో 95 అని అమ్మేది ఇక్కడి లెక్కలో 91 దగ్గర ఉంటుంది, కొలిచే పద్ధతి వేరు.)

ఫ్యూయల్ మూత లోపలి స్టిక్కర్ చూడండి, లేకపోతే మాన్యువల్. అక్కడ 87 అని ఉంటే రెగ్యులర్ చాలు. "ప్రీమియం రికమెండెడ్" అంటే రెగ్యులర్ పోసినా పాడవదు, పెట్రోలు అలా ముందే అంటుకోవడాన్ని (దీన్నే నాకింగ్ అంటారు) నాక్ సెన్సర్ గమనిస్తే కారు కంప్యూటర్ స్పార్క్ టైమింగ్‌ని, అంటే ప్లగ్ నిప్పురవ్వ ఇచ్చే క్షణాన్ని, కొంచెం ఆలస్యం చేస్తుంది, పికప్, మైలేజీ కొంచెం తగ్గుతాయి. "రిక్వయర్డ్" అని ఉంటే మాత్రం, టర్బో కార్లలో ముఖ్యంగా, పొదుపు చేయకండి, ఎండలో ఘాట్ ఎక్కేటప్పుడు నాకింగ్ ఆగకుండా కొనసాగితే పిస్టన్లు దెబ్బతింటాయి.

పొరపాటున ఒక ట్యాంకు రెగ్యులర్ పడిందా, టెన్షన్ వద్దు. తీయించాల్సిన పనిలేదు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నడిపి, సగం అయ్యాక ప్రీమియం నింపండి. టకటకమని శబ్దం వస్తూనే ఉంటే మెకానిక్‌కి చూపించండి.