జర్మనీలో మొహమాటంతో నెగ్గుకురావడం ఎలా

వచ్చిన కొత్తలో ఓ ఆదివారం మా ఇంటి ఓనరు పెద్దావిడ కాఫీకి పిలిచింది. మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ, కేకు అనేది ఇక్కడ పాత అలవాటు. కేకు పెట్టనా అని అడిగితే నవ్వుతూ "డాంకె" (థాంక్స్) అన్నాను. ప్లేటు పక్కకి వెళ్లిపోయింది! మన ఇళ్లల్లో అయితే "అయ్యో, కొంచెం తినమ్మా" అని ఇంకో రెండుసార్లు అడుగుతారు, మూడోసారికి మనం "సరే, చిన్న ముక్క" అంటాం. ఇక్కడ ఆ రెండోసారి ఉండదు. పైగా ఎవరైనా ఏదైనా పెట్టబోతుంటే ఒట్టి "డాంకె" అంటే "వద్దండీ" అనే అర్థం చేసుకుంటారు. కావాలంటే "యా, గెర్నె" అనాలి. ఈ రెండు మాటలు విమానంలోనే బట్టీపట్టండి.

చదువుకునేవాళ్లు ఈ మొహమాటం వల్లే ఎక్కువ నష్టపోతారు. అర్థం కాకపోయినా క్లాసులో అడగం, తర్వాత ప్రొఫెసర్ గది దాకా వెళ్లం, బిజీగా ఉంటారేమోనని. విద్యార్థుల కోసమే ప్రొఫెసర్లకి "ష్ప్రెఖ్‌ష్టుండె" అని, వెళ్లి కలిసే వేళలుంటాయి. ముందు ఒక మెయిల్ పెట్టి, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. చూసి చదివినా ఎవరూ నవ్వరు. నేను ఒక సెమిస్టర్ అంతా ఆగి, పరీక్ష వారం ముందు వెళ్లాను. అప్పటి టెన్షన్ మీకెందుకు? ఇక్కడి చదువుల్లో నోటి పరీక్షలు కూడా ఉంటాయి కాబట్టి, నోరు విప్పడం ఎలాగూ తప్పదు.

మాట్లాడక్కర్లేని చోట్లూ ఉన్నాయి. లెక్చర్ అయిపోయాక చప్పట్లు కొట్టరు, వేలి కణుపులతో బల్ల మీద తడతారు. మనలాంటివాళ్లకి హాయి. డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములో మాత్రం లోపలికి రాగానే అందరికీ కలిపి ఒక "గూటెన్ టాగ్" చెప్పాలి, ఆ తర్వాత ఎవరి ఫోను వాళ్లది. గ్లాసులు తాకించేటప్పుడు కళ్లలోకి చూడాలి, చేతిలో ఉన్నది జ్యూసైనా సరే. హోటల్లో "గెట్రెంట్?" అని అడిగితే ఎవరి బిల్లు వాళ్లదా అని. అవునని చెప్పేయండి, తప్పేం లేదు.

పుట్టినరోజుకి ఎవరో ఏదో చేస్తారని ఎదురుచూడకండి, మన కేకు మనమే ఆఫీసుకి పట్టుకెళ్లాలి. నేనూ పట్టుకెళ్లాను. ఒకాయన "డాంకె" అన్నాడు. అలవాటు పోదు కదా, ఇంకో రెండుసార్లు అడిగాను. పాపం, మొహమాటానికి తినేశాడు.